ముందు ఇరుసు నాలుగే తిరిగింది

మధ్యాహ్నం పన్నెండు గంటలకి నా తమ్ముడి బతుకు తేలిపోతుంది. ఇప్పుడు తొమ్మిదీ నలభై. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈ లెక్క పొద్దున లేచిన దగ్గరనుంచీ చేస్తూనే ఉన్నాను. పక్క మడతపెడుతూ చేశాను, తల దువ్వుకుంటూ చేశాను, టాక్సీలో కూడా చేశాను. చివరికి మా అమ్మాయి, "అమ్మా, పెదాలు కదపకు. డ్రైవరు రోడ్డు మానేసి అద్దంలో నిన్నే చూస్తున్నాడు" అంది. అప్పుడు డ్రైవరు గురించి కూడా భయం పట్టుకుంది.

మా అమ్మాయి డిటెక్టివ్. ఇంటిముందు బోర్డు ఉన్న డిటెక్టివే. కానీ ఈ కేసు బోర్డు చూసి వచ్చింది కాదు. స్టేషన్లో కూర్చున్నది దాని సొంత మేనమామ.

జరిగింది ఇంతే. శనివారం పొద్దున ఏడూ పదికి డాక్టరుగారి పాత జీపు కొండదారి వాలు దిగుతూ లోయలోకి పోయింది. డాక్టరుగారు అక్కడికక్కడే పోయారు. ఆ జీపుకి గేర్లూ టైర్లూ మార్చింది మోటారు మేస్త్రీ అయిన నా తమ్ముడు. గురువారం సాయంత్రం ఆరింటికి పని ముగించి, బండి తెచ్చి డాక్టరుగారింటి ఈ షెడ్డులోనే పెట్టి వెళ్ళాడు. శనివారం సాయంత్రానికి వాణ్ణి పట్టుకుపోయారు. ఇవాళ మంగళవారం. మేస్త్రీ నిర్లక్ష్యం వల్లే ప్రాణం పోయిందని ఇవాళ తేలితే, వాడు మళ్ళీ నా గడప తొక్కేసరికి నేను ఉంటానో ఉండనో.

షెడ్డు మధ్యలో చెక్కదిమ్మల మీద ఆ జీపు ఉంది. ముందు భాగం నొక్కుకుపోయి ఉంది. నేను అటు చూడలేక గోడవైపు చూశాను. అక్కడ రెండో జీపు నిలబడి ఉంది. అది కూడా డాక్టరుగారిదే. రెండూ ఒకే రకం, ఒకే వయసు, నాకంటే పెద్దవి. ఒకదానికి ఏనుగు పాదాల్లాంటి పెద్ద టైర్లు, రెండోదానికి మామూలువి. అందుకే నా తమ్ముడు ఒకదాన్ని పెద్ద బండి అనీ, ఇంకోదాన్ని చిన్న బండి అనీ అనేవాడు. పడిపోయింది పెద్ద బండి.

డాక్టరుగారి అల్లుడు మా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ముప్పైఐదేళ్ళుంటాయి; ఈ ఇల్లూ ఆస్తీ ఇక అతనివే. మెత్తగా మాట్లాడతాడు. మా అమ్మాయి గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"శుక్రవారం మీరెక్కడున్నారండీ?"

"తొమ్మిదింటికి బయటికెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వచ్చాను. బ్యాంకు పని. తర్వాత పంటి డాక్టరు."

"ఏ పన్ను?"

"ఏంటండీ?"

"ఏ పన్ను చూపించుకున్నారు?"

అతని చెయ్యి ఎడమ బుగ్గ మీదికి వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగి కుడి బుగ్గ మీదికి మారింది. "ఇటు. దవడపన్ను."

"డాక్టరుగారు ఆ రోజు ఆస్పత్రిలో ఎంతసేపున్నారు?"

"పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడుదాకా. శుక్రవారం ఆపరేషన్ల రోజు."

"అంటే పది గంటలు ఈ షెడ్డు దగ్గర ఎవరూ లేరు. తాళం?"

"తాళంచెవి గోడమీద మేకుకే ఉంటుంది. పాలవాడితో సహా అందరికీ తెలుసు."

"గేర్ల సంగతి మీకేమైనా తెలుసా?"

అతను నవ్వాడు. "కారు ఎక్కడం, దిగడం తెలుసు. ఈ ఇనుము పిచ్చి మామగారిది. నాలుగు నెలలపాటు అన్నం ముందు కూర్చున్నా టైర్ల గోలే. ముప్పైఒక్క అంగుళాలా, ముప్పైమూడా అని. మీ మేస్త్రీగారూ ఆయనా కాగితాలు పరిచి, జాతకాలు చూసినట్టు చూసేవారు."

"చివరికి?"

"దీనికి ముప్పైమూడు. చిన్న బండికి పాత కొలతే, ఇరవైఎనిమిది. దీనికి గేర్లు కూడా మార్చాలన్నారు. ఎందుకో నాకర్థం కాలేదు."

ఎందుకో నాకు తెలుసు. చదువు ఏడో తరగతితో ఆగినా, తమ్ముడు మా ఇంట్లో అన్నం తింటూ వందసార్లు చెప్పాడు. 'అక్కా, టైరు పెద్దదైందంటే ఇంజనుకి మెట్టు ఎత్తు పెరిగినట్టు. ముసలి ఇంజను ఆయాసపడిపోతుంది. అందుకని ఇరుసులో గేరు మార్చి, మెట్లు మళ్ళీ చిన్నవి చెయ్యాలి. ముందు ఇరుసుకెంతో వెనక ఇరుసుకీ అంతే ఉండాలి. మొగుడూ పెళ్ళాం లాగా. ఒకళ్ళు నడుస్తూ ఒకళ్ళు పరిగెడితే కాపురం విరిగిపోతుంది.' పెళ్ళి చేసుకోనివాడికి ఈ కాపురం పోలికలెందుకురా అని నేను నవ్వేదాన్ని.

అల్లుడు నా చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకున్నాడు. అతని మణికట్టు, దానిమీది గుడ్డ గడియారం పట్టీ నా ముక్కు దగ్గరికి వచ్చాయి; ఏదో తెలిసిన వాసన. ఒక్క క్షణం నాకు సొంత ఇంట్లో, బట్టల బకెట్టు ముందు కూర్చున్నట్టు అనిపించింది.

ఆ క్షణం ఎందుకలా అనిపించిందో ఆలోచించేలోపే షెడ్డు గుమ్మంలో ఎవరో గట్టిగా దగ్గారు.

"ఏం పాపా, అమ్మని కూడా తెచ్చుకున్నావా? లంచ్ బాక్సు కూడా కట్టించుకొచ్చావా?"

బీమా కంపెనీ సర్వేయరు. చేతిలో టేపు లేకుండా ఈయన్ని ఎవరూ చూడలేదట. మా అమ్మాయి ఈయనకి రూలుకర్ర అని పేరు పెట్టింది. కిందటేడు ఒక గోడౌను నిప్పంటుకున్న కేసులో ఈయన రాసిన రిపోర్టుని మా అమ్మాయి తప్పని నిరూపించింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

"బాక్సు తెచ్చాం సార్. మీ రిపోర్టు అరిగాక తిందామని," అంది మా అమ్మాయి.

"రిపోర్టులో అరగనిదేముంది? బ్రేకు గొట్టం తెగింది. వాలులో బ్రేకు లేదు. గొట్టం బిగించింది మేస్త్రీ. మూడే మూడు మాటలు. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది."

"గొట్టం వదులై ఊడిందా, ఏదో కొట్టి తెగిందా?"

"తెగింది అన్నాను కదా."

"వదులుగా బిగిస్తే ఊడాలి కదా సార్. తెగడానికి కత్తి కావాలి."

రూలుకర్ర ముఖం ఎర్రబడింది. టేపు సర్రుమని లాగి, మళ్ళీ సర్రుమని లోపలికి వదిలాడు. "అదే ఇవాళ తేలుస్తాను. పన్నెండింటికి పరీక్ష. చిన్న బండికి కూడా అదే వారంలో అదే మేస్త్రీ అరిగిన గేర్లు తీసి, అదే కొలత కొత్తవి వేశాడు. అదే వాలు. స్టీరింగు దగ్గర అతనే. డాక్టరుగారు చేసినట్టే వాలు మొదట్లో, నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్ వీల్ లివరు వేసి దిగాలి. క్షేమంగా దిగాడా, దారిలో తప్పు లేదు, ఈ రకం బండిలో తప్పు లేదు, పెద్ద బండికి చేసిన పనే చెత్త అని రాస్తాను."

"దిగకపోతే?" అన్నాను నేను.

"రెండూ చెత్త పనులని రాస్తాను."

"దిగినా వాడిదే తప్పు, దిగకపోయినా వాడిదే తప్పా? ఇదెక్కడి న్యాయం నాయనా! ముందు నుయ్యి, వెనక గొయ్యి తవ్వి, మధ్యలో పరీక్ష అంటారా?"

"ఆలోచన నాది కాదమ్మా. అల్లుడుగారిదే. మామగారి చావుకి కారణం తేలాలని ఆయన ఆరాటం."

అల్లుడు తల వంచుకున్నాడు. ఆ తల వంపు చూసి నాకు జాలి వేయాలి. వేయలేదు.

పదీ ఇరవైకి పోలీసు వ్యాను వచ్చింది. కానిస్టేబులు నా తమ్ముణ్ణి దింపాడు. మూడు రోజులకే చొక్కా వదులైపోయింది. నన్ను చూడగానే వాడు అడిగిన మొదటి మాట, "అక్కా, బీపీ మాత్ర వేసుకున్నావా?"

"నా మాత్రల సంగతి నీకెందుకురా! నువ్వు తిన్నావా?"

"తిన్నాలే." అబద్ధమని చెవులు చెప్పాయి; వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. మేనకోడలివైపు తిరిగాడు. "చిట్టీ, ఒట్టేసి చెప్తున్నానే. సుద్దతో గీసి, చక్రం తిప్పి, నాలుగుసార్లు లెక్కపెట్టాను. రెండు బండ్లకీ. ముందుదెంతో వెనకదీ అంతే వచ్చింది."

"మాటలు చాలు, ఎక్కు," అన్నాడు రూలుకర్ర.

నా తమ్ముడు చిన్న బండిలో స్టీరింగు ముందు కూర్చున్నాడు, పక్కన కానిస్టేబులు. వెనక రూలుకర్ర కారు, దాని వెనక అల్లుడి కారు. పదిన్నరకి గేటు మూసిన చప్పుడైంది. కొండ ఇరవై నిమిషాల దూరం. మేం వచ్చిన టాక్సీ ఎప్పుడో వెళ్ళిపోయింది.

"అమ్మా, చీర కుచ్చెళ్ళు దోపుకో. చక్రం తిప్పాలి," అంది మా అమ్మాయి.

"శవం మోసిన బండే అది. నా చెయ్యి రాదు."

"మామయ్య కోసం."

చెయ్యి వచ్చింది.

ఇరుసు మధ్యలో కుండలా ఉబ్బినదాన్ని మేస్త్రీలు డిఫరెన్షియల్ అంటారు. గేర్ల జత అందులోనే ఉంటుంది. ఇంజను దగ్గరనుంచి ఒక ఇనపకడ్డీ, దాన్ని షాఫ్టు అంటారు, వచ్చి ఆ కుండలోకి దూరుతుంది. కుండ విప్పకుండానే లోపలి గేరు ఏదో చెప్పొచ్చు. చక్రం తిరిగితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టాలి, అంతే. మా అమ్మాయి పదేళ్ళ వయసులో వేసవి సెలవులన్నీ మామయ్య గారేజీలోనే గడిపింది. నూనె మరకలు పోవని నేను ఎంత తిట్టేదాన్నో!

మొదట వెనక ఇరుసు. ఒక చక్రానికి చెక్క అడ్డంపెట్టి కదలకుండా చేసింది. "రెండో చక్రం రెండు చుట్లు తిప్పు. ఒకటి ఆగి ఉంది కాబట్టి రెండు చుట్లు తిప్పితేనే ఒక పూర్తి చుట్టు లెక్క." టైరు మీద ఒక సుద్దగీత, షాఫ్టు మీద ఒక సుద్దగీత. నేను మోకాళ్ళ మీద కూర్చుని తిప్పాను. అది బండి కింద దూరి లెక్కపెట్టింది.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఆ, ఆపు. అయిదుకి వేలెడు తక్కువ. పెద్ద టైర్లకి మామయ్య ఎంచుకున్న గేరు ఇదే."

ముందు ఇరుసు దగ్గరికి వచ్చాం. అక్కడ కుడి చక్రం నొక్కుకుపోయిన రేకులో ఇరుక్కుని కదలడం లేదు. ఇంజనువైపు షాఫ్టు తెగిపోయింది; కుండకి అతుక్కున్న ముక్క మాత్రం వేలాడుతోంది. పిండిన బట్టలా మెలితిరిగి ఉంది.

ఎడమ చక్రం రెండు చుట్లు తిప్పాను.

"ఎంతే?"

బండి కింద సుద్ద గీసుకున్న చప్పుడు.

"చిట్టీ, నీకేమైనా అయిందా? కింద పాములేమైనా—"

"మళ్ళీ తిప్పు."

మళ్ళీ తిప్పాను. మూడోసారీ తిప్పాను. అది బండి కిందనుంచి బయటికి వచ్చింది. ముఖానికి మట్టి, కళ్ళల్లో వెలుగు. "నాలుగు. నాలుగూ పిసరంత. అంతే."

"నేను సరిగ్గా తిప్పలేదేమో!"

"సరిగ్గానే తిప్పావు. వెనకది అయిదు, ముందుది నాలుగు. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలొకటే లాగుతాయి, ఏం తెలీదు. కొండ మీద డాక్టరుగారు ఫోర్ వీల్ లివరు వేశారు. ముందు చక్రాలు పరిగెత్తాలి, వెనకవి నడవాలి. గట్టి రాతిదారిలో జారడానికి వీల్లేదు. టైర్లు కీచుమని ఏడుస్తాయి, స్టీరింగు బిగుసుకుపోతుంది. అప్పుడీ షాఫ్టు మెలితిరిగి తెగింది. తెగిన కొన కొరడాలా తిరుగుతూ బ్రేకు గొట్టాన్ని నరికింది. నేనడిగిన కత్తి ఇదే."

"అయితే మీ మామయ్యే తప్పు గేరు వేశాడా?" అన్నాను.

అది టార్చి వెలిగించి కుండ చుట్టూ ఉన్న నట్లమీద వేసింది. నా తమ్ముడికొక అలవాటుంది. ఏ నట్టు బిగించినా, నట్టు మీదనుంచి ఇరుసు మీదికి గోళ్ళరంగుతో సన్నటి గీత గీస్తాడు. నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. ఆ రంగు సీసాలన్నీ మా అమ్మాయివే; కొన్న వారానికే మాయమయ్యేవి. వెనక ఇరుసు మీద పది నట్లకీ పది ఎర్రగీతలు తిన్నగా ఉన్నాయి. ముందు ఇరుసు మీద ఒక్కటీ తిన్నగా లేదు. నట్టు మీద గీత ఒకచోట, ఇరుసు మీద దాని ముక్క ఇంకోచోట.

"మామయ్య తర్వాత ఎవరో విప్పారు," అంది మా అమ్మాయి. "శుక్రవారం."

నేను నేలమీద కూలబడి ఏడ్చాను. సంతోషంతో అనుకున్నాను. అప్పుడే ఆ వాసన మళ్ళీ ముక్కుకి తగిలింది, ఈసారి కుండమీద కారిన నూనెలోంచి.

"చిట్టీ! అల్లుడి గడియారం పట్టీ. గుడ్డ పట్టీ. దానికిదే వాసన. గేరునూనె. మూడుసార్లు ఉతికినా పోదు ఈ కుళ్ళు కంపు. ఇరవైఏళ్ళు మీ మామయ్య బట్టలు ఉతికినదాన్ని, నాకు తెలీదా? కారు ఎక్కడం దిగడం తప్ప తెలీనివాడికి గేరునూనె ఎక్కడంటిందే?"

అది నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా నన్నలా చూడలేదు.

పదకొండూ ఇరవైకి రూలుకర్రకి ఫోను చేసింది. నట్ల గురించీ చుట్ల గురించీ చెప్పింది. అల్లుడి పేరు ఎత్తలేదు. "పరీక్ష ఆపండి సార్. మేస్త్రీ తప్పు లేదు."

రూలుకర్ర పగలబడి నవ్వాడు. ఫోను పక్కకి పెట్టి అందరికీ వినపడేలా అరిచాడు. "విన్నారా అల్లుడుగారూ! తల్లీకూతుళ్ళు చక్రాలు తిప్పి చుట్లు లెక్కపెడుతున్నారట! నట్లమీద గోళ్ళరంగు చూశారట! రేపు కాటుక కూడా దొరుకుతుంది!" ఫోను పెట్టేశాడు.

"పోనీలే," అన్నాను. "పరీక్షలో దిగితే దిగుతాడు. మన దగ్గర రుజువుంది కదా. ఇక భయం లేదు." భయం లేదన్న మాట నా నోట రావడం నాకే కొత్తగా ఉంది.

మా అమ్మాయి షెడ్డులో అటూ ఇటూ నడిచింది. ఉన్నట్టుండి ఆగింది.

"అమ్మా, ఈ పాత బండి ముందు ఇరుసుకి గేర్లు బజార్లో దొరుకుతాయా?"

"ఎక్కడే! నాలుగు నెలలు వెతికి తెప్పించాడు మీ మామయ్య. రెండు బండ్లకి రెండే జతలు. విప్పిన పాతవి అప్పుడే తుక్కుకి వేసేశాడు."

"మరి దీంట్లో దూర్చిన నాలుగుచుట్ల గేరు ఎక్కడనుంచి వచ్చింది?"

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

చిన్న టైర్లున్న చిన్న బండికి నాలుగుచుట్ల గేరు. దాని ముందు ఇరుసులోది తీసి అల్లుడు దీనికి పెట్టాడు. దీంట్లోంచి తీసిన అయిదుచుట్ల గేరు ఊరికే ఎక్కడా పారెయ్యలేదు. చిన్న బండి ముందు ఇరుసులో బిగించాడు. ఒక్క మార్పిడి, రెండు ఉచ్చులు. రెండోది అవసరమైతే వాడుకోవచ్చని అట్టేపెట్టుకున్నాడు. ఇప్పుడా బండి స్టీరింగు ముందు నా తమ్ముడున్నాడు. మేస్త్రీ అదే వాలులో, తను బాగుచేసిన బండితోనే చస్తే ఇక కేసే లేదు.

పదకొండూ నలభై. రూలుకర్ర ఫోను ఎత్తలేదు. నలభైరెండు, ఎత్తలేదు. నలభైఆరు, ఎత్తలేదు. పోలీస్ స్టేషనుకి చేస్తే, కొండమీద కానిస్టేబులు దగ్గర ఫోను లేదన్నారు, జీపు పంపుతామన్నారు. నేను పైట నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకున్నాను. యాభైఒకటికి ఎత్తాడు.

"మళ్ళీ ఏంటి? మీవాడు వాలు మొదట్లో ఉన్నాడు. కానిస్టేబులు దిగిపోయాడు. నేను మొదటి మలుపు దగ్గర నిలబడ్డాను. కాస్త ముందే కానిచ్చేస్తున్నాం."

"లివరు వెయ్యొద్దనండి! చిన్న బండిలో కూడా గేర్లు మార్చేశారు!"

"వేసేశాడు పాపా. బయల్దేరాడు. చక్కగా..." అతను ఆగాడు. "ఏంటది, టైర్లు కీచుమంటున్నాయేంటి?"

ఆ కీచు మాకూ వినిపించింది. పసిపిల్ల ఏడుపులా.

"సార్, వినండి. స్టీరింగు బిగుసుకుపోతుంది. బండి బిగువు వదలాలంటే చక్రాలు జారాలి. ఎడమవైపు కొండ పక్కన మట్టి ఉందా?"

"ఉంది... గులకరాళ్ళు, మట్టి..."

"అందులోకి దింపమని అరవండి!"

అతను అరవలేదు. ఒకటి, రెండు క్షణాలు. నా చెయ్యి నాకు తెలియకుండానే ఫోను లాక్కుంది. "అయ్యా, మీ రిపోర్టు మీకిష్టమొచ్చినట్టు రాసుకోండి. వాణ్ణి ఉరి తియ్యమని రాయండి. ముందు అరవండి!"

అప్పుడు రూలుకర్ర గొంతు విన్నాను. మనిషి గొంతులా లేదు. "మేస్త్రీ! ఎడమకి! మట్టిలోకి! ఎడమకి తిప్పరా నాయనా!"

రాళ్ళు దొర్లిన చప్పుడు. రేకు రాసుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"అమ్మా..." రూలుకర్ర రొప్పుతున్నాడు. "కొండకి ఆనుకుని ఆగింది. మీవాడు దిగుతున్నాడు. నుదుట రక్తం, అంతే. నడుస్తున్నాడు." టేపు సర్రుమని లోపలికి పోయిన చప్పుడు. "ముందు చక్రాలు... పాప చెప్పింది నిజమే. నేను..."

"అల్లుడెక్కడ?" ఫోను అందుకుంది మా అమ్మాయి.

"ఇక్కడే... లేడే. కారు కూడా లేదు. నువ్వు మొదటిసారి ఫోను చేశాక ఏదో మర్చిపోయానని ఇంటికి బయల్దేరాడు. పదకొండున్నరకి."

గోడమీద గడియారం పదకొండూ యాభైనాలుగు చూపిస్తోంది. కొండ ఇరవై నిమిషాల దూరం.

మేమిద్దరం ఒకేసారి తలుపువైపు చూశాం. చిన్న బండి లోయలో పడిందనుకునే అతని లెక్కలో, ఎర్రగీతలు విరిగిన ఆ పది నట్లు తప్ప అతని మెడకి చుట్టుకునేది ఈ లోకంలో ఇంకేమీ లేదు. వాటిని చూసినవాళ్ళం మేమిద్దరమే.

బయట గేటు గడియ పడింది. తెరిచిన చప్పుడు కాదు, లోపలివైపు నుంచి వేసిన చప్పుడు. గులకరాళ్ళ మీద అడుగులు, తొందర లేకుండా.

మా అమ్మాయి జాకీ కడ్డీ చేతిలోకి తీసుకుంది. "అమ్మా, నా వెనక్కి రా."

"ముప్పైఏళ్ళుగా నా వెనక నువ్వు నిలబడ్డావు," అన్నాను, కొంగు నడుముకి బిగించి దాని ముందుకి వస్తూ. "ఇవాళ కొత్త అలవాట్లు నేర్పకు."

తలుపు సందులో ఎండ మీద నీడ పడింది.